కిందికొచ్చిన బండ

వాన కోసం వరద పాశం పోయాలని నల్లవంక ఊరంతా ఒక్కమాట మీదికి వచ్చిన రోజునే, పాశం పోసే చోటికి దారి లేదన్న సంగతి కూడా గుర్తొచ్చింది. ఆ ఊరి తెలివి ఎప్పుడూ అంతే. ఇంటింటా బియ్యం ఎత్తడం అయిపోయింది, పెద్ద డేగిశాలు ఎవరింట్లో ఉన్నాయో విచారించడం అయిపోయింది, బెల్లం సంగతి కోడుమూరుకు ఫోన్ చేసి చెప్పడం కూడా అయిపోయింది. అప్పుడు మేకలు కాసే లాజరు గొంతు సవరించుకుని, “అది సరేలేప్పా, గుట్ట ఎక్కేది యాట్నుంచి?” అన్నాడు.

 అందరి చూపులూ గురమ్మ మీదికి తిరిగాయి.

గురమ్మది బండ కడిగే ఇల్లు. ఊరికి పడమట ఉన్న వరదగుట్ట నెత్తిన వెడల్పాటి బండ ఒకటి ఉంది. వానలు మొహం చాటేసిన ఏడు ఊరంతా గుట్టెక్కి, బెల్లం పాయసం, వాళ్ల మాటలో పాశం, వండి ఆ బండ మీద పోస్తారు. గిన్నెలు, ఆకులు పనికిరావు. చేతులు వెనక్కి పెట్టుకుని, మోకాళ్ల మీద వంగి, పెద్దాచిన్నా అందరూ నాలుకతో నాకి తినాలి. మనిషి గొడ్డు మాదిరి వంగితే తప్ప వరదరాజస్వామికి జాలి పుట్టదని నమ్మకం. పాశానికి ముందు బండ కడగడం, తొలి గరిటె పోయడం గురమ్మ అత్తగారింటి హక్కు. హక్కని పేరే గానీ ఆ ఇంటి కోడళ్లకు అదొక చాకిరీ. బిందెలు మోసుకుంటూ పైకెక్కాలి, కొబ్బరి పీచుతో బండ మీది గుంట గుంటా తోమాలి. గురమ్మ కొత్త కోడలిగా వచ్చిన ఏడు తోమీ తోమీ అరచేతులు బొబ్బలెక్కితే, అత్త వాటికి వెన్న రాసి, “ఇంగ నువ్వు ఈ ఇంటిదానివైతివి” అంది.

ఈ ఏడు పుష్యమి కార్తె వచ్చినా చినుకు లేదు. ముంగారు తొలి వానను నమ్మి విత్తిన పత్తి జానెడు పెరిగి నిలిచిపోయింది. మధ్యాహ్నమయ్యేసరికి ఆకులు ముడుచుకుని, సాయంత్రం కూడా విచ్చుకోవడం లేదు.

గురమ్మ తన తోడికోడలు కృష్ణవేణమ్మను వెంటబెట్టుకుని గుట్ట దాకా పోయి చూసింది. లాజరు చెప్పింది నిజమే. దక్షిణం వైపు భుజం మీదుగా పోయే కాలిదారి కొంతదూరం వరకు ఉంది. తరువాత లేదు. అక్కడి నుంచి కిందికి నిలువునా కోసేసిన తెల్లటి గోడ, గోడ అడుగున బొమ్మల్లా కనిపించే టిప్పర్లు. దూరంగా కంకర మిషన్ గరగరమంటోంది. దాని చుట్టూ లేచిన దుమ్ము తుమ్మచెట్ల మీద, కంచె మీద, ఇద్దరి కొంగుల మీద వాలుతోంది.

“ఎప్పుడు పోయిందే దారి?” అంది గురమ్మ.

“ఎండాకాలంలో రాయి పేల్చేకి సైరన్లు మోగలేదా? అప్పుడే పోయుంటాది. మనమెప్పుడు చూసినామక్కా? వానలు పడితే ఈ గుట్ట మొగం చూసేదెవరు?”

కంకర మిషన్ వచ్చి కొన్నేళ్లయింది. గుట్టకు అవతలి వైపు మొదలుపెట్టి, కొరుకుతూ కొరుకుతూ ఇవతలికి వచ్చింది. నెత్తిన మాత్రం చెయ్యి పెట్టలేదు. బండ దగ్గర డ్రిల్లు వేయమంటే పనివాళ్లే వేయలేదు. బేతంచెర్ల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ వీరభద్ర నుదుటి నిండా విభూతి పెట్టే మనిషి. “బండ కడిగే ఇంటోళ్లు ఊ అంటే తప్ప నా మిషన్ దాని మీద కాలు పెట్టదు” అని యజమాని మొహానే చెప్పాడట. ఆ బండ చలువ వల్ల వరదగుట్టకు తల మిగిలింది.

గురమ్మ కొంగుతో ముక్కు మూసుకుని పైకి చూసింది. ఇక్కడి నుంచి బండ కనబడదు. దాని పక్కన ఉండే కలివి పొద మాత్రం కనిపిస్తోంది.

“పాశం పోయకుంటే ఏమైతాదే?” అంది, తనలో తానే అన్నట్టు.

“ఏమైతాది? పత్తి ఎండిపోతాది. పాశం పోసినాక ఎండినా అదే పత్తి, పోయకుండా ఎండినా అదే పత్తి. కాకుంటే పోయకుంటే ఊరోళ్లు నిన్ను తిడతారు, పోస్తే స్వామిని తిడతారు,” అంది కృష్ణవేణమ్మ. ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు.

గురమ్మకు నవ్వు రాలేదు.

*

మరునాడు పొద్దున్నే వేణుగోపాల్ కారు వచ్చి గురమ్మ ఇంటి ముందు ఆగింది. డ్రైవర్ బెల్లం బుట్టలు దించుతుంటే, వేణుగోపాల్ చెప్పులు బయట విప్పి అరుగు మీద కూర్చున్నాడు.

“గురమ్మక్కా, నీళ్లియ్యి. దాహమైతాండాది.”

కంకర మిషన్ ఇతనిదే. కోడుమూరు బజారులో ఇతని తండ్రి రామకోటయ్యకు కిరాణా అంగడి ఉండేది. వరద పాశానికి బెల్లం ప్రతిసారీ ఆ అంగడి నుంచే ఊరికే వచ్చేది. ముసలాయన తానే బండి తోలుకుని వచ్చి, గుట్టెక్కి, శెట్టి అన్న భేషజం లేకుండా అందరితో పాటు వంగి నాకేవాడు. కొడుకు కూడా ఆ మర్యాద తప్పలేదు. వేణుగోపాల్‌ను చెడ్డవాడనడానికి ఊళ్లో ఎవరికీ నోరు రాదు. పలకరింపు మెత్తన, చెయ్యి కూడా పొదుపు కాదు. గురమ్మ కూతురు తనూజ కర్నూలు పక్కన కల్లూరులో ఇల్లు కట్టుకుంటే స్లాబుకు కంకర తోలించాడు. గురమ్మ ఇంటి ముందు వసారా స్లాబు కూడా ఆ కంకరే. ఆ మాటకొస్తే నల్లవంకలో మిద్దె వేసిన ప్రతి ఇంట్లోనూ వరదగుట్ట కొంచెం కొంచెం ఉంది.

“దారి పోయిందని నాకూ రాత్రే తెల్సిందక్కా. మా నాయన ఉండింటే నన్ను చెప్పుతో కొట్టేవాడు,” అన్నాడు. ఆ బాధ నిజమైనదే. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

“మీ టిప్పర్లు ఎక్కే దారుండాది గదా శెట్టీ. ఆ ఒక్క పూట మమ్మల్ని అట్ల పోనియ్యి,” అంది గురమ్మ.

“ఎట్ల పోనిద్దు? రాతిలో మందు కూరిన బొక్కలు యాడుండాయో యాడ లేవో. పిల్లా జెల్లా వస్తారు. ఒకరికి ఏమన్నా అయితే నేను మొగం యాడ పెట్టుకోవాల? ఆఫీసరోళ్లు ఊరుకుంటారా?”

గురమ్మ మొగుడు రామకృష్ణ గడప మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు. “అట్లయితే పాశం లేనట్లే,” అన్నాడు.

“లేకుండా ఎట్ల పోతాది మామా? మనం బండ దగ్గరికి పోలేకుంటే, బండనే మన దగ్గరికి తెస్తా.”

రామకృష్ణ బీడీ నోట్లోంచి తీశాడు. గురమ్మ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది.

వేణుగోపాల్ అరుగు మీద వేలితో గీసి చూపించాడు. మందు పెట్టరు, సమ్మెట వేయరు. వజ్రాల పొడి తాపిన తీగ ఒకటి ఉంటుంది. నీళ్లు పోస్తూ తిప్పితే రాయి వెన్న కోసినట్టు తెగుతుంది. పగులు రాదు, పెచ్చు లేవదు. క్రేనుతో ఎత్తి లారీలో పెట్టి, మేళతాళాలతో ఊళ్లోకి తెచ్చి, రాముల గుడి ముందు సిమెంటు దిమ్మె మీద కూర్చోబెడతాడు. పైన రేకుల పందిరి వేయిస్తాడు. కాళ్లు నొప్పులు పుట్టే ముసలోళ్లు కూడా ఇక మీదట పాశానికి రావచ్చు.

“నీ మాట కావాల అక్కా. వీరభద్ర మొండోడు. నువ్వు ఊ అంటే తప్ప తీగ కట్టనంటాడు.”

అప్పటికే వాకిట్లో జనం పోగయ్యారు. ఎవరూ ఒత్తిడి చేయలేదు. చేసుంటే గురమ్మకు కోపం వచ్చేది, కోపం వచ్చుంటే కాదని ఉండేది. వాళ్లు ఊరికే నిలబడి ఆమె మొహం చూశారు. ముందు వరసలో నిలబడ్డ వాళ్లందరి పత్తీ ఎండుతోంది. ఆమె పత్తి కూడా.

ఆమె తేలిగ్గా ఒప్పుకోలేదు. గట్టిగానే బేరం పెట్టింది. “పగులొస్తే నేనొప్పుకోను.”

“రాదు.”

“తూర్పుకు ఏ అంచు ఉండాదో ఈడ గూడా అదే అంచు తూర్పుకుండాల.”

“సున్నంతో గుర్తు పెట్టిస్తా.”

“కడిగేది మా ఇల్లే. గుడికాడికొచ్చిందని పూజారి చెయ్యి పెట్టేకి లేదు.”

“ఎవురు పెడతారక్కా? నేనుండా.”

“ఒగసారి దించినాక మళ్లీ కదిలీకూడదు.”

“కదిలీను. మా నాయన మీద ఒట్టు.”

అడిగిన ప్రతిదానికీ ఒప్పుకున్నాడు. గురమ్మకు మనసు కాస్త కుదుటపడింది. ఇంత పెద్ద మనిషి తన వాకిట్లో కూర్చుని తన మాటకు తల ఊపడం ఆమెకు లోలోపల బాగానే ఉంది, ఆ సంగతి దాచిపెట్టి లాభం లేదు. “సరే, కానియ్యప్పా,” అంది. జనంలో ఎవరో గోవిందా అన్నారు.

*

బండ దిగిన రోజు ఊరికి పండగే. తప్పెట్లు కొట్టారు. లారీకి మామిడాకులు కట్టారు. గురమ్మ పైకి పోయి కోసేటప్పుడు దగ్గరుండాలనుకుంది గానీ, మిషన్ ఆడే చోటికి ఆడవాళ్లు రాకూడదని కిందనే ఆపేశారు. గుట్ట కింద టిప్పర్లను ఆపే చెక్‌పోస్టు దగ్గర రేకుల నీడలో కూర్చుని, బిందె పక్కన పెట్టుకుని, పైనుంచి వచ్చే సన్నటి కీచుమన్న చప్పుడు వింటూ ఉండిపోయింది. లారీ వంపు తిరిగి కనబడగానే లేచి ఎదురుపోయి నీళ్లు వారబోసింది. బండ మీద తడి గుడ్డ కప్పారు. ఆమె చెయ్యి పెట్టి తడిమింది. అంచు చాకుతో కోసినట్టు తిన్నగా ఉంది. బండకు అట్లాంటి అంచు ఎప్పుడూ లేదే అనుకుంది. అంతలో తప్పెట్లు ఎక్కువయ్యాయి, ఎవరో ఆమె చేతికి హారతి పళ్లెం ఇచ్చారు.

గుడి ముందు దిమ్మె మీదికి దించి కూర్చోబెట్టడానికి సాయంత్రమైంది. పాశం మరునాడు. గురమ్మ తెల్లవారి కొబ్బరి పీచు, బిందె తీసుకుని వచ్చేసరికి బండ అప్పటికే కడిగి ఉంది. కడగడం ఒక్కటే కాదు. పొద్దున ఎండ దాని మీద పడి కళ్లలోకి కొడుతోంది. గుడి గోపురం తలకిందులుగా అందులో కనిపిస్తోంది.

వీరభద్ర పాలిష్ మిషన్ వైరు చుట్టుకుంటూ లేచి నిలబడ్డాడు. అతని కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి ఉంది.

“యమ్మా, శెట్టి చెప్పలేదు. నేనే చేసినా. స్వామి కార్యం గదా, నా చేతి పని కొంచెం ఉండనీ అని. నాకు దీనికి కూలేమీ వద్దు.” అతని మొహం నిండా సంతోషం. “గరుకు గరుకుగా, గుంటలు గుంటలుగా ఉండ్య. పిల్లల నాలికెలు గీరుకుపోతాయని అంతా తీసేసినా. చూడు, అద్దం మాదిరి వచ్చింది.”

గురమ్మ బండ మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు లాగింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. అత్త చూపించి తోమించిన గుంటలు, పాశం నిలిచే పల్లాలు, ముసలాళ్లు తమ తమ చోటని చెప్పుకునే దొప్పలు, ఒక్కటీ లేదు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఇంత భక్తిగా పనిచేసిన మనిషిని ఏమని తిట్టాలి?

“అడుగు భాగం ఎట్లుండాది నాయనా?” అని మాత్రం అడిగింది.

“అడుగు యాడిదమ్మా దానికి?” వీరభద్ర నవ్వాడు. “మీరంతా బండ బండ అంటాంటే, గుట్ట మీద ఎవరో తెచ్చి పరిచిన బండ అనుకొన్న్యా నేను గూడా. తీగ కట్టినాక తెల్సింది. అది విడి బండ గాదు. గుట్టే అది. కిందికంటా ఒకటే రాయి. పైపొర కోసి తెచ్చినాము, అంతే.”

ఆమె పీచు చేతికి తీసుకుంది. కడిగిన బండనే మళ్లీ కడిగింది. కొబ్బరి పీచు జారిపోతూ ఉంది.

పాశం ఉడికింది. గోవిందలు పెట్టారు. గురమ్మ తొలి గరిటె పోసింది. పాశం బండ మీద పడి, ఒక్క క్షణం ఆగి, చిన్నగా కదిలి, అంచు వైపు నడిచింది. రెండో గరిటె దాని వెనకే పోయింది. వాలు మరీ కొంచెమే, కంటికి తెలియనంత. డేగిశాలు వంపేసరికి పాశమంతా ఒక వైపుకు జారి, తిన్నగా కోసిన అంచు మీది నుంచి దిమ్మె మీదికి, దిమ్మె మీది నుంచి మట్టిలోకి కారింది. చేతులు వెనక్కి పెట్టుకుని మోకాళ్ల మీద వంగిన జనం దాని వెంట పడ్డారు. ఒకరి తలలు ఒకరికి తగిలాయి. పిల్లలు పకపకా నవ్వారు. ఎవరో కుర్రవాడు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. ముసలి రంగన్న తనకు అలవాటైన చోట తల వంచి, అక్కడేమీ లేకపోతే, వట్టి బండనే నాకి, లేచి కండువాతో మూతి తుడుచుకున్నాడు.

“జారితే జారిందిలే, మనసు ముఖ్యం,” అన్నాడు వేణుగోపాల్. అతని ప్యాంటు మోకాళ్లకు పాశం అంటింది. అందరితో పాటు అతను కూడా వంగాడు.

కృష్ణవేణమ్మ ఈసారి ఎగతాళి చేయలేదు. గురమ్మ పక్కనే కూర్చుని, దిమ్మె కింద మట్టిలో కలిసిన పాశాన్ని చేటలోకి ఎత్తింది. “గొడ్లకన్నా పెడదాం పా అక్కా,” అంది మెల్లగా.

*

మరునాడు పొద్దున సైరన్ మోగింది. సైరన్ మోగడం ఆ ఊరికి కొత్త కాదు, ఎవరూ తల కూడా తిప్పలేదు. గురమ్మ చేలో కలుపు తీస్తోంది. ఆమె చేను సరిగ్గా గుట్ట కింద ఉంది. పేలుడు చప్పుడు ఎప్పటి మాదిరి అవతల నుంచి కాక నెత్తి మీది నుంచి వచ్చింది. ఆమె తలెత్తి చూసింది. కలివి పొద గాలిలోకి లేచి, వేళ్లతో సహా పల్టీ కొట్టి, దుమ్ములో కలిసిపోయింది.

దుమ్ము దిగేదాకా ఆమె కొడవలి పట్టుకుని అట్లాగే నిలబడింది. గుట్ట నెత్తి మీద ఎర్రటి పొక్లెయిన్ ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. ఇన్నేళ్లూ అక్కడికి ఎక్కని మిషన్ అది. దాన్ని ఎక్కించింది తన మాటే. అది ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసింది.

ఇంటికొచ్చి మొగుడితో అంటే, రామకృష్ణ బీడీ ఆర్పి పక్కన పెట్టాడు. “మన బండ మనకిచ్చినాడు గదా. ఇంగ గుట్టతో మనకేం పని అనుకొన్యాడేమో,” అన్నాడు.

“నేను గుట్టనియ్యలేదే!”

“ఇయ్యలేదు. అడగనూలేదు.”

ఆ మాట ఆమెకు అన్నం దిగనివ్వలేదు.

ఆ తరువాత వాన వచ్చింది. సన్నజల్లు కాదు, పెద్దవానే. మధ్యాహ్నం మబ్బు పట్టి, సాయంత్రం దాకా కుండపోతగా పోసింది. నల్లవంక వాళ్లు వాకిళ్లలోకి వచ్చి తడిశారు. బండ మీద నీళ్లు పారుతుంటే దండాలు పెట్టారు. “గురమ్మ నోటి చలువ” అన్నారు. పాశం జారిపోయిన సంగతి ఒక్కరూ ఎత్తలేదు. దేవుడు ఒప్పుకున్నాక మనుషులు ఎందుకు ఎత్తుతారు? గురమ్మ కూడా తడిసింది. ఆ కాసేపు ఆమెకూ సంతోషమే. తప్పు చేశానేమో అన్న భయాన్ని వాన కడిగేసిందనుకుంది.

పొద్దున చేనికి పోయింది. గట్టు మీద ఆగిపోయింది.

చేను లేదు. చేను ఉండాల్సిన చోట పాలు విరిగినట్టు తెల్లటి బురద. గుట్ట నెత్తి చెదిరాక అక్కడ పడ్డ వాన ఎక్కడా నిలవకుండా ఒక్క ఉరుకున దిగింది. దారిలో కంకర మిషన్ పక్కన పోసిన రాతిపొడి కుప్పలను కలుపుకుని, వంక గట్టు తెంచి, ఆమె పత్తి మీద పరిచింది. ఆమె చేనూ, ఆ పక్కనున్న రెండు చేలూ పోయాయి. ఊళ్లో మిగతా వాళ్ల పత్తి పచ్చగా లేచి నిలబడింది.

ఎండెక్కే కొద్దీ బురద గట్టిపడింది. గురమ్మ కూర్చుని, మొన మాత్రం కనిపిస్తున్న ఒక మొక్క చుట్టూ వేళ్లతో తవ్వింది. పొడి గోళ్లలో ఇరుక్కుని మండింది. మొక్క చేతికొచ్చింది గానీ ఆకులు రాలేదు. అవి ఆ తెల్లటి పెంకులోనే ఉండిపోయాయి. ఆమె ఇంకో మొక్క తవ్వింది. ఇంకోటి తవ్వింది. రామకృష్ణ వచ్చి రెక్క పట్టుకుని లేపేదాకా తవ్వుతూనే ఉంది.

*

వేణుగోపాల్ మళ్లీ వచ్చాడు. చేను చూసి నొచ్చుకున్నాడు. నష్టం సంగతి తాను చూసుకుంటానన్నాడు, ఆ మాట మీద నిలబడే మనిషే. తరువాత, “ఒక సాయం చేసి పెట్టాల అక్కా,” అన్నాడు.

ఎర్రమెట్ట అని అవతల ఒక ఊరు. ఆ ఊరికీ ఒక గుట్ట, గుట్ట మీద పాశం పోసే బండ, దాన్ని కడిగే ఇల్లు ఉన్నాయి. కర్నూలు వైపు పడుతున్న పెద్ద రోడ్డుకు కంకర చాలడం లేదు. “రోడ్లు లేకుంటే ఎట్ల అక్కా? మన తనూజ ఇంటికి పోయేకి రేపు అదే దారి గదా. మర్యాదగానే అడుగుతాండా. వాళ్ల ఆడోళ్లు మీ ఊర్లో ఎట్ల జరిగిందో నిన్ను అడిగి తెల్సుకుంటామన్నారు. ఉన్నది ఉన్నట్ల చెప్పు, చాలు.”

“ఉన్నది ఉన్నట్ల చెప్పమంటావా?”

“ఉన్నది ఉన్నట్లే.”

గురమ్మ ఉతికిన చీర కట్టుకుని కారెక్కింది. చెప్పాల్సిన మాటలు దారంతా మనసులో పేర్చుకుంటూనే ఉంది. ఎప్పుడూ లేనంత ధైర్యంగా ఉంది ఆమెకు. తన చేను పోయినా, ఒక ఊరి గుట్ట నిలబడితే చేసిన తప్పు కొంత తీరుతుంది అనుకుంది.

ఎర్రమెట్టలో వాన పడలేదు. మేఘం నల్లవంక దాకా వచ్చి మళ్లిపోయింది. దారికి అటూ ఇటూ పత్తి ముడుచుకుని ఉంది. ఊరి మొదట్లోనే ఆడవాళ్లు ఎదురొచ్చారు. బండ కడిగే ఇంటి కోడలు సుంకమ్మ చిన్న వయసుది. గురమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, చాప పరిచి కూర్చోబెట్టింది. వేణుగోపాల్ మగవాళ్లతో దూరంగా నిలబడ్డాడు.

గురమ్మ చెప్పింది. ఏదీ దాచలేదు. బండ ఎట్లా నున్నగా అయిందో, పాశం ఎట్లా జారిందో, మరునాడే గుట్ట నెత్తి ఎట్లా లేచిపోయిందో, తన చేను ఎట్లా తెల్లబడిందో, అన్నీ చెప్పింది. 

“నేను బండను గురించి అన్నీ అడిగినానమ్మా. పగులు రాకూడదన్యా, తూర్పు తప్పకూడదన్యా. శెట్టి అన్నీ ఒప్పుకొన్యాడు, ఒక్క మాట తప్పలేదు. గుట్టను గురించే అడగలేదు నేను. బండ వేరు, గుట్ట వేరు అనుకొన్యా. అవి రెండూ ఒకటేనంట. కోసినాక చెప్పినారు నాకు.” కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “మీరు ఊ అనొద్దండి తల్లీ. నా మాదిరి చేయొద్దండి.”

ఆడవాళ్లు కదలకుండా విన్నారు. ఒక ముసలామె అయ్యో అన్నట్టు నాలుక చప్పరించింది. ఒకామె గురమ్మ వీపు మీద చెయ్యి వేసింది. సుంకమ్మ కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. గురమ్మకు ఆశ పుట్టింది.

సుంకమ్మ ముందుకు జరిగి, గురమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

“అక్కా, ఒగటి అడుగుతా, నిజం చెప్పాల. పాశం పోసినాక వాన వచ్చిందా, రాలేదా?”

గురమ్మ నోరు తెరిచింది. చుట్టూ ఉన్న మొహాలన్నీ ఆమె పెదవుల వంకే చూస్తున్నాయి. వాళ్ల వెనక, ఇంటి సందులోంచి, ఎండిన పత్తి చేను ముక్క ఒకటి కనిపిస్తోంది. లేదని ఒక్క మాట అంటే చాలు. వరదరాజస్వామి పేరు చెప్పుకుని బండ కడిగిన మనిషి, వచ్చిన వానను రాలేదని ఎట్లా అంటుంది?

“వచ్చిందమ్మా,” అంది. “శానా వచ్చింది. గానీ...”

ఆ తరువాత మాట ఎవరికీ వినబడలేదు. ఆడవాళ్లంతా ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. ముసలామె గోవిందా అని చేతులు జోడించింది. ఒకామె మగవాళ్ల దగ్గరికి పరుగెత్తింది. సుంకమ్మ లోపలికి పోయి పసుపు కుంకుమలు తెచ్చి, కళ్లలో నీళ్లతోనే నవ్వుతూ, గురమ్మ నుదుట బొట్టు పెట్టి, ఒడిలో కొబ్బరికాయ ఉంచింది. అంత దూరం నుంచి వేణుగోపాల్ గురమ్మకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

గురమ్మ కొబ్బరికాయ ఒడిలో పట్టుకుని కొంతసేపు కూర్చుంది. తరువాత లేచి, వాకిట్లోకి వచ్చి, ఎర్రమెట్ట గుట్ట వైపు చూసింది. చిన్న గుట్టే. మధ్య దాకా మేకలు ఎక్కి ఉన్నాయి. కాలిదారి సన్నగా, తెగిపోకుండా, నెత్తి దాకా కనిపిస్తోంది.

“సుంకమ్మా, నన్ను ఒగసారి ఆ గుట్ట ఎక్కిస్తావా? మా గుట్టను నేను కడసారి చూసుకోలేకపోతి.”

“ఇంత ఎండలోనా?” సుంకమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆప్యాయంగా నీడలోకి లాగింది. “ఎందుకక్కా అంత కష్టం? బండ కిందికి తెస్తారు గదా, అప్పుడొచ్చి నిదానంగా చూద్దువులే.”

గురమ్మ ఆమె మొహం వైపు చూసింది. అందులో కల్లాకపటం ఏమీ లేదు. ఆ పొద్దు తన వాకిట్లో ఊ అన్నప్పుడు తన మొహం కూడా ఇట్లాగే ఉండి ఉంటుంది అనుకుంది.

ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుంది. కొబ్బరికాయను అరుగు మీద పెట్టి, చెప్పులు అక్కడే విడిచి, గుట్ట వైపు నడక మొదలుపెట్టింది. వెనక నుంచి డ్రైవర్ హారన్ కొట్టాడు, సుంకమ్మ రెండుసార్లు పిలిచింది. గురమ్మ ఏడుస్తూనే ఎక్కుతోంది.